సుజాతకు నేనిచ్చిన ఫస్టు ర్యాంకు

పరిశోధన చేసి ఒక సంసారాన్ని ముంచినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. నేను మాత్రం ముంచాను. అదీ ఎంతో శ్రద్ధగా, భుజాన ఆటవస్తువుల సంచీ వేసుకుని మరీ వెళ్లి! చెబుతాను, నవ్వండి. మొదట్లో నవ్వొచ్చే కథే.

ఎనభైల మొదట్లో పిల్లల ఎదుగుదల మీద పరిశోధన చేసేదాన్ని. అమ్మానాన్నల దగ్గర పెరిగే పిల్లలకూ, ఇద్దరు ఆడవాళ్లు జంటగా పెంచే పిల్లలకూ తేడా ఉంటుందా అన్నది నా ప్రశ్న. "అలాంటి ఇళ్లు నీకెక్కడ దొరుకుతాయమ్మా?" అని మా ప్రొఫెసరు నవ్వాడు. జహీరాబాద్‌లో దొరికింది. ఒకే ఒక్కటి. ఆ ఒక్క ఇల్లు చూసుకుని లోకానికి జ్ఞానబోధ చేయడానికి బయల్దేరాను, చూడండి నా పొగరు!

దవాఖానలో నర్సు సుగుణమ్మ, బట్టలు కుట్టే రత్నమ్మ. ఇద్దరూ ఆలుమగల్లా బతుకుతున్నారని గల్లీ అంతటికీ తెలుసు, నోరెత్తి అన్నవాళ్లు లేరు. రత్నమ్మ అక్క కాన్పులో పోతే, బావ నర్సింలు పసిగుడ్డును వీళ్ల చేతుల్లో పెట్టి, మొగుడంపల్లి వెళ్లి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆ తర్వాత ఇటు తొంగిచూడలేదు. ఆ పిల్లే సుజాత. ఐదేళ్లది.

పోలిక కోసం పక్కింటి అల్లం వ్యాపారి మాణిక్‌రావు కొడుకును ఎంచుకున్నాను. రంగు చెక్కముక్కలు పేర్చాలి, బొమ్మ చూసి కథ చెప్పాలి, అంతే. ఇది పరీక్ష కాదని ఎంత మొత్తుకున్నా మాణిక్‌రావు వినడే! కొడుక్కి తలకు నూనె రాసి, బొట్టు పెట్టి, మెట్రిక్ పరీక్షకు తెచ్చినట్టు తెచ్చాడు. పైగా వెనక నుంచి అందించడం.

"అరె, ఎర్రది కింద వెట్టురా!"

"మీరు చెప్పకూడదండీ."

"నేనేడ చెప్పిన మేడం? దగ్గిన!"

పిల్లాడు ముక్కలన్నీ కలిపి లారీ చేసి, బుర్రుమంటూ గుమ్మం దాటి వెళ్లిపోయాడు. సుజాత మాత్రం చకచకా పేర్చేసి, కథంతా చెప్పి, "నీకు సమజయ్యిందా మేడం?" అని నన్నే అడిగింది. సుగుణమ్మా రత్నమ్మా ఒకరి మొహం ఒకరు చూసుకుని మురిసిపోయారు.

సాయంత్రం మాణిక్‌రావు నలుగురిని పోగేసి నన్ను బజారులో ఆపాడు. "రిజల్టు చెప్పున్రి మేడం. మావోడు పాసా, ఫేలా?"

నోరు మూసుకుని బస్సెక్కితే సరిపోయేది. కానీ జనానికి బుద్ధి చెప్పే అవకాశం వదులుకుంటానా?

"మీవాడికంటే సుజాత చాలా ముందుంది. ఇద్దరు ఆడవాళ్లు పెంచిన పిల్ల! అంత చురుకైన పిల్లను నేనెక్కడా చూడలేదు!"

"మగదిక్కు లేని ఇంట్ల పిల్ల మావోన్ని మించిందా?" అన్నాడు మాణిక్‌రావు. అతనికి అది మింగుడు పడలేదు. మర్నాడు అల్లానికి మొగుడంపల్లి వెళ్లి, నర్సింలు చెవిన వేసి వచ్చాడు.

ఇన్నేళ్లూ కూతురు గుర్తు రాని నర్సింలు, నేనింకా ఊళ్లో ఉండగానే, పెద్దమనుషులతో సహా దిగాడు. "గింత హుషారు పిల్లనా? నా రక్తం గదా! గీ ఆడోళ్ల చేతుల ఖరాబైతది. తీస్కపోత."

"ఆ హుషారు వీళ్లు పెంచితే వచ్చిందండీ!" అని నేను అడ్డం పడ్డాను.

"చూసిన్రా? సర్కారు మేడం గూడ హుషారనే అంటున్నది," అని నన్నే సాక్ష్యం చేశాడు. పెద్దమనుషులు తలూపారు. సుజాత రత్నమ్మ కొంగు వదల్లేదు. వేళ్లు విడదీసి తీసుకుపోయారు.

తర్వాత సుగుణమ్మ వాళ్లింటికి వెళ్లి ఏడ్చాను. రత్నమ్మ మిషను ముందు కూర్చుని ఉంది, కుట్టడం లేదు. సుగుణమ్మ నాకు చాయ్ పోసింది. తిట్టినా బాగుండేది.

"నీ తప్పేమున్నది బిడ్డా? మంచి మాటనే చెప్తివి. జర మొద్దుపిల్ల అని చెప్పుంటే, వాడు ఇటుదిక్కు వస్తుండెనా?"

కాబట్టి మహాజనులారా, మీ ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఊళ్లోవాళ్లు పేరు పెట్టి చెప్పడానికి జంకే ఏ ఇంట్లోనైనా ఒక పిల్ల హాయిగా ఎదుగుతూ కనిపిస్తే, నేను చచ్చినా మెచ్చుకోను. ఎవరడిగినా మొహం చిట్లించి, "అబ్బే, అంతంత మాత్రమేనండీ" అంటాను.