మా ఇంట్లో లిఫ్టు

కుటుంబ న్యాయస్థానం రెండో అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమచేతి వైపు చివరి గది ఆవిడది. తలుపు మీద పేరూ చదువూ హోదా బారెడు రాసి ఉన్నాయి గానీ, వాటిని చివరిదాకా చదివిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు. వకీళ్ళ దగ్గర్నుంచి అటెండరు దాకా అందరికీ ఆవిడ బొమ్మల మేడమే. గదిలో పెద్దవాళ్ళ కుర్చీలు రెండుంటే పిల్లల కుర్చీలు నాలుగు. కింద చాప, చాప మీద చెక్క దిమ్మెలు, ఒక బొమ్మరిల్లు, కాలు విరిగిన ఏనుగు. ఆ ఏనుగుని పారేద్దామని ఆవిడ రెండుసార్లు అనుకుంది. ప్రతి పిల్లా ముందు దాన్నే చేతిలోకి తీసుకోవడం చూసి ఊరుకుంది.

భార్యాభర్తలు విడిపోతూ పిల్ల నాకంటే నాకని పట్టుబట్టినప్పుడు జడ్జిగారు ఫైలు ఆ గదికి పంపిస్తారు. మనస్తత్వ నిపుణురాలిగా ఆవిడ తల్లితో మాట్లాడాలి, తండ్రితో మాట్లాడాలి, పిల్లని కలవాలి, రెండిళ్ళూ కళ్ళారా చూడాలి. అప్పుడు పిల్ల ఎవరి దగ్గర ఉంటే బాగుంటుందో నివేదిక రాయాలి. తీర్పు జడ్జిగారిదే. అయినా ఆవిడ రాసినదాన్ని ఆయన కాదన్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ సంగతి తెలిసిన వకీళ్ళు ఆవిడ కనబడితే అవసరానికి మించి వంగి నమస్కారం పెడతారు. ఆవిడకది ఒళ్ళుమంట.

చిన్నప్పుడు చుట్టాలొస్తే తలుపు వెనక నిలబడి పెద్దవాళ్ళ మాటలు విని, తల్లి చేత మొట్టికాయలు తిన్న మనిషి. "మొట్టికాయలు తిన్న పనికే ఇప్పుడు జీతమిస్తున్నారు" అని నవ్వేది. పిల్లలు ఏం మాట్లాడినా పెన్సిలుతో, వాళ్ళన్నది అన్నట్టే, తప్పులతో సహా రాసుకునేది. ఇరవై రెండేళ్ళలో అలాంటి నోటుపుస్తకాలు ఒక బీరువా నిండాయి.

పరీక్షలూ పద్ధతులూ అన్నీ చదువుకున్నదే, అన్నీ చేసేది కూడా. కానీ మనసులో ఆవిడ సొంత కొలబద్ద ఒకటుంది, అది ఏ పుస్తకంలోనూ లేదు. పిల్ల నోట "మా ఇల్లు" అన్న మాట ఏ ఇంటి గురించి వస్తుందో చూసుకునేది. రెండిళ్ళ పిల్లలు ఒక ఇంటిని "మా ఇల్లు" అంటారు, రెండోదాన్ని "నాన్న వాళ్ళిల్లు" అనో "అమ్మ వాళ్ళిల్లు" అనో అంటారు. 'మా' ఎక్కడుంటే మనసక్కడ ఉన్నట్టని ఆవిడ నమ్మకం. మిగతా లెక్కలన్నీ తేలకపోతే చివరికి దాన్నిబట్టే మొగ్గేది. ఈ కిటుకు తనకొక్కదానికే తెలుసని లోపల కాస్త గర్వం కూడా ఉండేది. కాస్తేమిటి, బాగానే ఉండేది.

ఆ ఏడు వచ్చిన ఫైళ్ళలో ఏడేళ్ళ పిల్ల ఒకతె ఉంది. సన్నగా, గలగలా మాట్లాడుతూ ఉంటుందని ఇంట్లో అందరూ పిట్ట అంటారు. తల్లి కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. తండ్రి లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఇద్దరిళ్ళ మధ్య నాలుగు బస్టాపుల దూరం, బడి సరిగ్గా నడిమధ్యన. తాగుడు లేదు, కొట్టుడు లేదు, ఇద్దరూ పిల్లంటే ప్రాణం పెట్టేవాళ్ళే. ఇలాంటి ఫైలంటేనే ఆవిడకి తల ప్రాణం తోకకొస్తుంది. ఎవరో ఒకరు చెడ్డవాళ్ళయితే రాయడం ఎంత సులువో!

పిట్టని గదికి మూడుసార్లు పిలిపించింది. మూడూ మంగళవారాలే. మంగళవారం దుకాణానికి సెలవు కాబట్టి మూడుసార్లూ తల్లే తీసుకొచ్చి, తలుపు బయట బెంచీ మీద కూర్చుంది. తలుపుకి సగం మసక అద్దం. బయట ఎవరున్నారో నీడలా కనబడుతుంది.

"మా ఇంట్లో పిల్లి కిటికీలోంచి వస్తుంది" అంది పిట్ట, విరిగిన కాలు చేత్తో పట్టుకుని ఏనుగుని నడిపిస్తూ.

"ఏ ఇంట్లో అమ్మా?"

"మా ఇంట్లోనే. అమ్మ, నేను ఉంటాం కదా, ఆ ఇల్లు. నాన్న వాళ్ళింట్లో పిల్లి లేదు."

మూడు మంగళవారాలూ ఇదే వరస. తండ్రి ఇంటికి వెళ్ళి చూసినప్పుడు అక్కడా పిట్ట బాగానే ఉంది, నవ్వింది, అన్నం తింది, ఆడుకుంది. కానీ 'మా ఇల్లు' అన్న మాట రాలేదు. ఆవిడ చెవులు దానికోసమే రిక్కించి ఉన్నాయి గనక, రాలేదన్న సంగతి బాగా గుర్తుపెట్టుకుంది. నివేదిక రాసేసింది. పిల్ల తల్లి దగ్గరుండాలి, తండ్రి రెండు వారాలకోసారి ఆదివారం తీసుకెళ్ళొచ్చు. కవరు అంటించి జడ్జిగారికి పంపింది.

విచారణ ఇంకో నాలుగు రోజులుందనగా పిట్ట మళ్ళీ వచ్చింది. స్వెట్టరు గదిలో మరిచిపోయిందట. ఈసారి వెంట తండ్రి వచ్చాడు. లోపలికి రావచ్చో లేదో తెలియక, చేతికంటిన గ్రీజు ప్యాంటుకి తుడుచుకుంటూ, బెంచీ మీద ఒక అంచున కూర్చున్నాడు. స్వెట్టరు తీసుకున్న పిట్ట అలవాటుగా ఏనుగునీ తీసుకుంది.

"మేడమ్, మా ఇంట్లో లిఫ్టుంది తెలుసా?"

మేడమ్ నవ్వింది. తల్లి ఉండేది పెంకుటింట్లో. "మీ ఇంటికి మేడే లేదు కదమ్మా, లిఫ్టెక్కడిది?"

"అది అమ్మ వాళ్ళిల్లు. మా ఇంట్లో ఉంది. అట్టపెట్టెతో చేశాం నేనూ నాన్నా. దారం లాగితే పైకి వస్తుంది. తలుపులు కూడా ఉన్నాయి."

మేడమ్ చేతిలో పెన్సిలు ఆగిపోయింది. పిట్ట మాట్లాడుతూ మాట్లాడుతూ మసక అద్దం వైపు ఒకసారి చూసింది. అక్కడ తండ్రి నీడ ఉంది. మూడు మంగళవారాలూ ఆ పిల్ల అలాగే అటు చూస్తూ మాట్లాడిందని ఆవిడకి అప్పుడు తట్టింది.

"పిట్టా, మొన్న వచ్చినప్పుడు అమ్మ ఉండేదే మా ఇల్లన్నావు కదా."

"అప్పుడు అమ్మ బయట ఉంది కదా" అంది పిట్ట, ఇంత చిన్న సంగతి ఇంత పెద్దావిడకి తెలియదా అన్నట్టు. "వినబడితే ఏడుస్తుంది. నాన్న ఏడవడు, కానీ అన్నం మానేస్తాడు."

"మరి ఎవరూ బయట లేకపోతే ఏది మా ఇల్లంటావు?"

పిట్ట ఏనుగుని బొమ్మరింట్లో పెట్టి తీసింది. "ఎవరూ లేకపోతే ఎవరికి చెప్పాలి?" అంది.

వాళ్ళు వెళ్ళాక ఆవిడ బీరువా తెరిచి నోటుపుస్తకం తీసింది. తండ్రి ఇంటికి వెళ్ళిన రోజు పేజీ తన సొంత దస్తూరీలోనే ఉంది. "నాన్నా, మన ఇంట్లో గొడుగు ఎక్కడ పెట్టావు?" "నాన్నా, మన గోడ మీద నా ఎత్తు గియ్యవా?" మన, మన, మన. పేజీలో ఏడు చోట్ల ఉంది. ఎదుటివాళ్ళని కలుపుకున్నప్పుడు 'మన' అంటాం, కలుపుకోనప్పుడు 'మా' అంటాం. ఇది బడికెళ్ళని పిల్లకైనా తెలుసు. తండ్రితో మాట్లాడుతూ పిల్ల 'మా' ఎందుకంటుంది? 'మా' కోసం చెవులు రిక్కించిన మనిషి, కళ్ళ ముందున్న 'మన'ని తన చేత్తో రాసుకుని కూడా వినలేదు. మేడమ్ నాలుక కరుచుకుంది. ఆ తర్వాత బీరువాలో మిగతా పుస్తకాల వైపు చూసింది. అప్పుడు మాత్రం పిల్లల కుర్చీలోనే కూలబడింది.

ఆవిడ భర్త బస్సుల సంస్థలో టైముపట్టికలు తయారుచేసి రిటైరైన మనిషి. ఇంట్లో ఏం జరిగినా ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో చెప్పడం ఆయనకి ఇంకా పోలేదు. మర్నాడు పొద్దున కాఫీ దగ్గర ఆవిడ జరిగిందంతా చెప్పింది.

"నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదండీ. పిల్ల తల్లి దగ్గరుంటే చెడిపోయేదేం లేదు, ఆ అమ్మాయి మంచిదే. నోరు విప్పానా, ఇరవై రెండేళ్ళ పేరు గంగలో కలుస్తుంది. వకీళ్ళు పీక్కు తింటారు."

ఆయన కాఫీ పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టాడు. "ఒకసారి నేను ఒక స్టాపుకి తప్పు టైము అచ్చేయించాను. సరిచేస్తే నా తప్పు బయటపడుతుందని ఊరుకున్నాను. ఆరునెలలు అక్కడ జనం వెళ్ళిపోయిన బస్సు కోసం నిలబడ్డారు. నేను రోజూ ఆ దారినే ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి."

"ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదే!"

"చెప్పుకునే సంగతా అది?"

విచారణ రోజు ఆవిడ బోనులో నిలబడి, ఎవరూ అడగకముందే, నా నివేదికలో తప్పుంది, సరిదిద్దుకోనివ్వండని జడ్జిగారిని కోరింది. 'మా ఇల్లు' అన్న మాటనే కొలతగా పెట్టుకోవడం, మూడుసార్లూ పిల్లని మంగళవారమే, ఒకరి వెంటే రప్పించడం తన పొరపాటని, దానివల్ల విన్నది పిల్ల మనసు కాదు, పిల్ల జాగ్రత్త అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. తల్లి మొహం పాలిపోయింది. తండ్రి తల వంచుకుని తన చేతులు చూసుకున్నాడు. తల్లి తరఫు వకీలు ఒంటికాలి మీద లేచాడు.

"ఇరవై రెండేళ్ళుగా ఇదే కొలత వాడుతున్నారా?"

"వాడాను."

"అంటే మీ పాత నివేదికలన్నీ తప్పేనంటారా?"

"అన్నీ కాదు. కొన్ని అయ్యుంటాయి. ఏవో నాకు తెలీదు, అదే నా బాధ. పాత పుస్తకాలన్నీ మళ్ళీ చదువుతున్నాను."

హాల్లో ఒకరిద్దరు నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "అయితే ఇప్పుడు మీరేమంటారు?" అని అడిగారు.

"వారం అమ్మ దగ్గర, వారం నాన్న దగ్గర. దగ్గరిళ్ళే, బడి మారక్కర్లేదు. ఇంకొక్కటి, ఆ ఇంట్లో ఏం జరిగిందని ఈ ఇంట్లో పిల్లని అడక్కూడదు."

ఆరు నెలలు అలా చూద్దామన్నారు జడ్జిగారు. ఆ ఆరు నెలలూ మేడమ్‌కి వచ్చే ఫైళ్ళు సగానికి పడిపోయాయి. నమస్కారాలు అంతకంటే ఎక్కువ తగ్గాయి, దానికి మాత్రం ఆవిడ సంతోషించింది. అటెండరుని పిలిచి తలుపు బయట బెంచీ మోయించి మెట్ల దగ్గరికి మార్పించింది. అద్దం మీద లోపలి వైపు పిల్లల బొమ్మలు అంటించింది. అప్పట్నుంచి ఏ పిల్లనైనా తల్లి వెంట ఒకసారి, తండ్రి వెంట ఒకసారి తప్పకుండా పిలిపిస్తోంది. పాత పుస్తకాల్లో నాలుగు చోట్ల పెన్సిలుతో గీత పెట్టుకుంది. ఆ పిల్లలిప్పుడు ఎక్కడెక్కడున్నారో, ఎంతెంత వాళ్ళయ్యారో. 

ఆరు నెలలయ్యాక ఆఖరిసారి పిట్ట వచ్చింది. ఆ రోజు ఇద్దర్నీ రమ్మన్నారు. తల్లి బెంచీకి ఈ చివర, తండ్రి ఆ చివర కూర్చున్నారు. మేడమ్ ఇళ్ళ ఊసే ఎత్తలేదు. పిట్టకి ముందు పళ్ళు రెండు ఊడాయి, ఒకటి పిల్లి ఉన్న ఇంట్లో, ఒకటి లిఫ్టున్న ఇంట్లో. రెండింటి గురించీ ఒకే ఊపిరిలో చెప్పింది, అద్దం వైపు చూడకుండా. వెళ్ళబోతూ ఏనుగుని కిటికీ పక్కన నిలబెట్టి, "ఇది మన గదిలో ఇక్కడే ఉండాలి. మళ్ళీ వచ్చేదాకా ఎవరికీ ఇవ్వద్దు" అంది.

మన గది! ఆవిడ ఏనుగుని కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరిపింది. "ఇంక రానక్కర్లేదు తల్లీ. నీ ఫైలు అయిపోయింది."

పిట్ట వెనక్కి తిరిగింది. "మరి ఇద్దరిళ్ళ గురించీ ఎక్కడ చెప్పుకోవాలి?"

 ఆవిడ తలుపు తీసి తల్లినీ తండ్రినీ లోపలికి పిలిచింది. పెద్ద కుర్చీల మీద ఫైళ్ళున్నాయి. ఇద్దరూ మోకాళ్ళు గడ్డానికి తగిలేలా పిల్లల కుర్చీల్లో కూర్చోవాల్సి వచ్చింది.

"పిట్ట ఒక మాట అడిగింది. చెప్పాల్సింది నేను కాదు" అని, పిట్ట అన్నది అన్నట్టే చెప్పి, ఆవిడ లోపలి నుంచి తలుపు వేసింది.

 పిట్ట తండ్రిని చూసింది, తల్లిని చూసింది, స్వెట్టరు అంచు నలిపింది. తర్వాత తల్లి మోకాలి మీద చెయ్యి వేసి మెల్లిగా అంది.

"అమ్మా, మా ఇంట్లో లిఫ్టుంది."

ఆరు నెలలుగా, ఇంకా అంతకుముందు నుంచీ, తల్లికి చెప్పని మాట అది. నాన్న వాళ్ళింట్లో అనలేదు. మా ఇంట్లో అంది. ఆ 'మా'లో తల్లి లేదు. తల్లికి అది తెలిసింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిట్ట మోకాలి మీంచి చెయ్యి తీసేయబోయింది. తల్లి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"అవునా?" అంది. "మీ ఇంట్లో లిఫ్టు ఎన్నో అంతస్తు దాకా వెళ్తుంది?"

మేడమ్ అలవాటు కొద్దీ పెన్సిలు తీసింది. రాయకుండానే మళ్ళీ పెట్టేసింది.