మూత మీద నా పేరు

ఎనభైల్లో ఓ ఎండాకాలం, మిర్యాలగూడ నుంచి కోదాడ వచ్చే బస్సులో ఒక నర్సమ్మ నా పక్కన కూర్చుంది. ఆమె ఒళ్లో టీకాల డబ్బా ఉంది. మూతకు అంటించిన కాగితం మీద ఊళ్లు, పేర్లు రాసి ఉన్నాయి.

“ఇవెవరి పేర్లక్కా?” అనడిగాను.

“దవాఖానల కరెంటు పోతే ఐసు ఇచ్చేటోళ్లయి చెల్లె. ఐసు లేకుంటే టీకాలు ఖరాబైతయి. కోదాడల ఇంక ఎవరూ దొరకలే.”

“మాది కోదాడే. ఇంట్లో ఫ్రిజ్ ఉంది.”

ఆమె వెంటనే నా పేరు, ఇంటి గుర్తు రాసుకుంది. “కరెంటు పోయినంక ఫ్రిజ్ తలుపు ఎవ్వర్నీ తియ్యనియ్యకు. నేనొస్త,” అంది.

ఆ ఎండాకాలమంతా ఐసు నింపి ఉంచాను. ఆమె రాలేదు.

ఇప్పటికీ కరెంటు పోతే వీధి తలుపు తీసిపెడతాను. ఫ్రిజ్ తలుపు మాత్రం ఎవరినీ తియ్యనివ్వను.