నేల తాకకూడని ఓడ

"...నిరుటి ఊరేగింపులో నీ మోకాలు మడతపడి ఓడ నేల తాకబట్టే కదా మామా, పోయిన ఎండాకాలం ఎల్బే నదిలో పడవలన్నీ ఇసుకలో కూరుకుపోయాయి!" అన్నాడు పడవవాళ్ల సంఘం పెద్ద ఫోల్క్‌మార్.

"వాన కురవకపోతే నా మోకాలేం చేస్తుందిరా?" అన్నాడు గోట్‌హెల్ఫ్.

నలభై ఏళ్లు సరుకు పడవ నడిపిన మనిషి. ఏటా చలికాలంలో పడవవాళ్ల పండుగకి, ఊరేగింపులో చెక్క ఓడను ముందువైపు మోసేది ఆయనే. ఈసారీ ఓడ మోసేవాళ్లు వేసుకునే తెల్ల ప్యాంటు ఇస్త్రీ చేసుకుని కుంటుతూ వచ్చాడు.

నదిమీద పడవ నడిపినవాళ్లే ఓడ మోయాలి. ఆయన పడవను ఇప్పుడు కూతురు రోమీ నడుపుతోంది. కానీ ఆడమనిషి ఓడ ఎత్తడం మా ఊళ్లో ఎవరూ చూడలేదు.

గోట్‌హెల్ఫ్ తన టోపీ తీసి, పక్కనే నిలబడ్డ రోమీ తలమీద పెట్టాడు.

"ఓడ ముందువైపు ఇది మోస్తుంది. లోతు చూసే గెడ పట్టుకుని నేను దారి చూపిస్తా."