మలుపు దాకా మెట్లు

డెబ్బై దాటినా ఆమె ఆ ఇంట్లో చిన్నకోడలే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెద్దకోడలు స్నానాల గదిలో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆమెను చూడ్డానికి ఆసుపత్రికి బయల్దేరుతూ గడప తట్టుకుని చిన్నకోడలూ పడింది. అదే ఎముక! "పడటంలో కూడా పోటీయేనా?" అని చుట్టాలు నవ్వారు. ఆపరేషన్లయ్యాక ఇద్దరికీ పక్కపక్క మంచాలే దొరికాయి.

నడక నేర్పే ఫిజియో అమ్మాయి మొదటి రోజే అడిగింది. "పడకముందు ఎలా నడిచేవాళ్ళు? మెట్లెక్కేవాళ్ళా? మళ్ళీ అంతవరకూ వస్తే ఇంటికి పంపేస్తాం. ఎవరి కొలత వాళ్ళదే."

"నాదేముందమ్మా, గోడ పట్టుకుని నడిచేదాన్ని. మెట్ల జోలికే పోను," అంది పెద్దకోడలు.

ఆ నెమ్మది మాట వింటేనే చిన్నకోడలికి ఒళ్ళు మండింది. కాపురానికి వచ్చిన నాటినుంచీ ఇదే వరస. ఆమె నాకేం రాదంటుంది, మెప్పంతా ఆమెకే పోతుంది. "నేనా? మేడమీద కుట్టుమిషన్ దగ్గరికి రోజూ చకచకా ఎక్కేదాన్ని. మెట్ల పక్కన కమ్మీ ముట్టుకుంటే ఒట్టు!" అనేసింది.

నోరు జారితే అంతే మరి. కొన్నాళ్ళకి చేతికర్రతో ఇద్దరూ వార్డంతా తిరిగేస్తున్నారు, నిజానికి చిన్నకోడలే ముందుంది. అయినా ఇంటికెళ్ళమన్నది పెద్దకోడల్ని! "ఆమె పడకముందు ఎలా ఉన్నారో అలాగే ఉన్నారు. మీరు కమ్మీ వదలందే పంపను," అంది ఫిజియో అమ్మాయి. వెనకపడ్డ ఆమెకి సెలవు, ముందు నడిచే తనకి చెర! మిషన్ మీద ప్రాణం కొట్టుకుంటున్న చిన్నకోడలు కుళ్ళి కుళ్ళి ఏడ్చింది.

పెద్దకోడలు సంచి సర్దుకుంటుంటే ఫిజియో అమ్మాయి అనుమానంగా అడిగింది. "ఈవిడ నిజంగానే పట్టుకోకుండా ఎక్కేవారా?"

'ఈ ఒక్కసారికి నా పరువు తియ్యి తల్లీ' అని చిన్నకోడలు మనసులో దండం పెట్టుకుంది.

"ఎక్కేదమ్మా! వంటింట్లోంచి చూసేదాన్నిగా. చూసి లోపల్లోపల ఏడ్చి చచ్చేదాన్ని."

జన్మంతా ఎదురుచూసిన మాట. తీరా వచ్చి ఇంటిదారికే అడ్డం పడింది. చిన్నకోడలు వార్డు చివర మెట్ల ముందు నిలబడింది. వెనక పెద్దకోడలు చూస్తోంది. అలవాటుగా చెయ్యి గాల్లోకి లేచింది. చివరికి గట్టిగా కమ్మీ పట్టుకుంది.

"అక్కా, ఎప్పుడూ పట్టుకునే ఎక్కేదాన్ని. వంటింట్లోకి కనబడే మలుపు దాకానే ఆ వేషాలు. నువ్వు చూస్తున్నావని."

"ఓసి నీ దుంప తెగ! నీలా ఎక్కుదామనేగా నేను పడింది! స్నానాల గదిలో కాదే, ఆ మెట్లమీదే పడ్డాను. సిగ్గేసి చెప్పలేదు."

ఫిజియో అమ్మాయి తల పట్టుకుంది. "మీరూ సర్దుకోండమ్మా, ఇద్దరూ వెళ్ళండి," అంది.

చిన్నకోడలు కదల్లేదు. "పట్టుకోకుండానే ఎక్కావా? ఎందాకా?"

"మలుపు దాటాకే పడ్డాను," అంది పెద్దకోడలు నెమ్మదిగా.

చిన్నకోడలి కడుపు మళ్ళీ భగ్గుమంది.