ఆముదం షీటుకు పోసిన నీళ్లు

మా ఆవిడకున్నది ఒకటే జబ్బు. ఏ పని అప్పగించినా కన్నబిడ్డలా చూసుకుంటుంది. ఆముదంతో మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్ చేసే షెడ్డులో ఇద్దరం పన్నెండేళ్లు పనిచేశాం. మిషను మీద పల్చటి షీటు తీయడం నా పని. ఆ షీటు ముక్కల్ని వెనక మడిలో పాతి, నెలకోసారి తవ్వి, కడిగి, ఎంత అరిగాయో తూచి రాయడం ఆవిడ పని. మడికి నీళ్లు పోయకూడదని, వానకు తడిసినంతే తడవాలని షెడ్డు నడిపే మేడం గట్టిగా చెప్పింది.

మూడో రకం షీటు కూడా మట్టిలో కలవకపోతే షెడ్డు మూసేస్తామని పైవాళ్లు తేల్చేశారు. రెండు నెలలైనా ముక్కలు చెక్కుచెదరలేదు. ఆవిడకు అన్నం సయించలేదు. నేను నోరు మూసుకుని ఊరుకోవచ్చుగా! "రోజూ నాలుగు చెంబులు పోస్తే ఏం కొంపలు మునుగుతాయి?" అన్నాను. పోసింది. నాలుగో నెలకు ముక్కలు చేతిలో చిట్లిపోయాయి. మేడం సంతోషం పట్టలేక ఆవిడను కౌగిలించుకుంది. మేమిద్దరం కిక్కురుమనలేదు.

షీటు అమ్మకానికి రాగానే మొదట పరిచింది ఆవిడ తమ్ముడే, టమాటా తోటలో కలుపు రాకుండా. వద్దని చెప్పడానికి ఆవిడ రెండుసార్లు ఫోను తీసి, మళ్లీ పెట్టేసింది. పంటయ్యాక వానల్లేవు. ఎండిన నేలలో షీటు అలాగే ఉండిపోయి, దున్నబోతే పీలికలై ట్రాక్టరుకు చుట్టుకుంది. ఆ మాట విన్నాక ఆవిడ ఇంట్లో నిలవలేకపోయింది. ఇద్దరం పొలానికి వెళ్లాం. పీలికలు ఏరి బస్తాలో కుక్కుతున్న తమ్ముడికి నీళ్ల సంగతంతా చెప్పేసింది. ఆ సలహా నాదేనని నేనూ ఒప్పుకున్నాను.

కేకలేస్తాడనుకున్నాం. వేసినా బాగుండేది. బస్తా మూతి కట్టి గట్టు మీద పెట్టాడు.

"నా పొలందేముందిలే అక్కా, ఏరుకుంటాను. మా అక్క స్వయంగా పరీక్ష చేసిందని చెప్పి ఇంకో పదకొండు మంది చేత పరిపించాను. వాళ్లకేం చెప్పమంటావు?"

"నేనే చెప్తాను, పద," అంది ఆవిడ.

పదకొండు గడపలూ ఎక్కి చెప్పింది. మర్నాడు మేడంకీ చెప్పింది. నెల తిరక్కుండా షెడ్డు మూసేశారు. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఎవరో ఒకరి పొలంలో ఇద్దరం పీలికలు ఏరుతున్నాం. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనదు. షెడ్డు ఎలాగూ పోయేదే. నీళ్లు పోయమని ఆ రోజు నేను నోరు తెరవకపోయి ఉంటే, ఆవిడ మాట మీద జనానికి నమ్మకమైనా మిగిలేది.