గోధుమ చేప

మా మేనమామ పోయాడని బోధన్ నుంచి మనిషి వచ్చి చెబితే నేను నమ్మలేదు. నన్ను తప్పు పట్టకండి, నన్ను పెంచినవాడు ఆయనే. ఏ మాటనైనా కళ్లతో చూసేదాకా అనుమానించాలని నేర్పినవాడూ ఆయనే. మా లింగాయతుల ఆచారం ప్రకారం సమాధిలో కూర్చోబెట్టిన మామను చూశాకే ఒప్పుకున్నాను. చివరి జ్వరంలో కూడా మామ ఆ మందును హకీం చేత ముందు ఒక చెంచా తాగించి, హకీం ముఖం కాసేపు పరీక్షగా చూసి, ఆ తరువాతే తాను పుచ్చుకున్నాడట.

మామది బెల్లం వ్యాపారం. ఎవరు ఎంత మంచి బెల్లమని చెప్పినా, ముక్క నీళ్లలో కరిగించి అడుగున మట్టి చూసేవాడు. నిజామాబాదు స్టేషన్లో టికెట్టు కొన్నాక ఇంజను ఏ వైపు తగిలించారో స్వయంగా వెళ్లి చూసి వచ్చేవాడు. "నమ్మొద్దంటలేనురా, చూసినంక నమ్ము" అనేవాడు.

అటువంటి మనిషి ఒకసారి చెరకు గానుగ కొనడానికి కలకత్తా బయలుదేరి, కాలేజీ చదివానన్న ఒకే నేరానికి నన్ను వెంట తీసుకుపోయాడు. మేమా మాంసం, చేప ముట్టనివాళ్లం, అక్కడేమో ఏ వీధిలోకి పోయినా చేపల వాసన. మార్వాడీ భోజనశాలలో డబ్బా నెయ్యి కంటబడగానే లేచొచ్చాడు. అందులో ఏ జంతువు కొవ్వు ఉందోనని అనుమానం. అత్త కట్టిచ్చిన అటుకులు అయిపోయాయి. మామ నడక తూలుతున్నది.

ఒక చీనా వీధిలో ఆయన ఆగిపోయి గాలి పీల్చాడు. "పిలగా, నువ్వుల నూనె."

అది బౌద్ధుల శాకాహార హోటలట. గుండు చేసుకున్న చీనా ముసలాయన నడుపుతున్నాడు. కూర్చోగానే మా ముందు ఒక పళ్లెం పెట్టాడు. అందులో పొలుసులతో సహా నిండు చేప.

మామ మెడలోని లింగాన్ని పిడికిట్లో పట్టుకున్నాడు. "లే అల్లుడా. దీనికి తోక ఉంది."

"తోక ఉంటే ఏంది మామ, కండ్లు లేవు గద."

"తీసేసి పెట్టిండ్రు."

ముసలాయన వచ్చీరాని హిందుస్తానీలో అది గోధుమ పిండేనన్నాడు. మాంసం తినని వాడికి చేప బొమ్మతో ఏం పనని మామ నిలదీశాడు. తినడం మానినవాళ్లకు అప్పుడప్పుడు గుర్తొస్తుంది కదా అని ఆయన జవాబు.

"మేం ఎన్నడు తినలే. మాకేం గుర్తొస్తది?" అంటూనే మామ చెప్పులు విడిచి వంటింట్లో జొరబడ్డాడు. ప్రతి మూతా తీశాడు, ప్రతి గరిటా వాసన చూశాడు. ముసలాయన గోధుమ ముద్దను నీళ్లలో పిసికి కడుగుతుంటే గంజిలాంటి తెల్లనీళ్లు పోయి చివరికి సాగే జిగురు ముద్ద మిగిలింది. చూసింది చాలదని మామ తానే ఒక ముద్ద కడిగి, చేప చేసి, వేయించుకుని తిన్నాడు. ముక్క ముక్కకూ ఆగి ఆలోచించాడు గానీ, తోక కూడా మిగల్చలేదు.

ఊరికి రాగానే దాచకుండా చెప్పాడు: "కలకత్తల సేప తిన్న. గోధుమ సేప." ఇందులో మొదటి మాట బాల్కొండ దాకా పోయింది. రెండోది గడప దాటలేదు. పుట్టినప్పటి నుంచి లోకాన్ని అనుమానించిన మనిషిని ఇప్పుడు లోకం అనుమానించింది. అత్త ఇంట్లో మంచినీళ్లు తాగేవాళ్లు కూడా లేకుండాపోయారు.

మఠం పెద్ద సులువైన దారి చూపాడు. "శుద్ధి చేయించుకోరాదు, ఒడుస్తది."

"చెయ్యని తప్పుకు శుద్ధి చేయించుకుంటే, చేసినట్టే గద."

"అట్లయితే మా పంక్తిల కూసోకు."

నేనూ బతిమాలాను. మామ వినలేదు. మఠంలో పండుగ వచ్చినప్పుడు, విస్తర్లు వేసి పంక్తి కూర్చున్న చోటే అందరి ముందూ పొయ్యి పెట్టాడు. పిండి తనది కాదు, మఠం పెద్ద ఇంటి నుంచే తెప్పించాడు. కడిగాడు, చేప చేశాడు, గరిటె అంచుతో పొలుసులు దిద్దాడు. కొంపముంచింది ఆ పొలుసులే. చేప మరీ చేపలా కుదిరింది.

"గింత పనితనం ఒక్కపారి చూస్తే వస్తదా?" అన్నాడు మఠం పెద్ద.

ఎవరూ ముట్టలేదు. శాస్త్రీయంగా వివరిద్దామని నేను గొంతు సవరించుకుంటే "నువ్వు ఊకో" అన్నాడు మామ. ఆ ఉదయమంతా నిటారుగా ఉన్న ఆయన భుజాలు అప్పుడు కొంచెం వంగడం చూశాను.

ఆడవాళ్ల వైపు నుంచి అత్త లేచి వచ్చింది. కలకత్తా చూడలేదు, చీనా ముసలాయన్ను ఎరగదు. చేప తోక విరిచి, అందరూ చూస్తుండగా నోట్లో వేసుకుని నమిలింది.

మామ భయంభయంగా అడిగాడు. "ఎట్లుందే?"

"ఉప్పు మరిచినవ్."

ఎవరో నవ్వారు. మఠం పెద్ద నవ్వలేదు. ఒక ముక్క తీసుకుని వాసన చూశాడు, వేళ్ల మధ్య సాగదీశాడు, వెలుతురుకు పట్టి చూశాడు. తినలేదు. చివరికి తన విస్తరి కొంచెం పక్కకు జరిపి, ఒక మనిషి పట్టేంత చోటు వదిలాడు.

మామ వెంటనే కూర్చోలేదు. వంగి, ఆ ఖాళీ నేలను అరచేత్తో ఒకసారి తడిమి చూసి, అప్పుడు కూర్చున్నాడు.