లోపలికి రానివ్వని కంప్యూటర్

కనకరత్నం హిందీ ప్రాంతంలో ఉన్న ఉక్కు కర్మాగారం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పయ్యొక్క ఏళ్లు టెక్నీషియన్‌గా చేసి రిటైరైంది. తండ్రి బొబ్బిలి వైపు నుంచి వచ్చి అదే కర్మాగారంలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనికి చేరినవాడు. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ కర్మాగారం వాళ్ల సెక్టర్ 2 క్వార్టర్లలో. ఇప్పుడు ఆ ఊళ్లోనే రిసాలిలో ఉంటూ ఆదివారాలు పొద్దున్న పెద్దవాళ్లకి తెలుగు రాయడం నేర్పుతోంది. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ హిందీ బళ్లలో చదివి అక్షరాలు రానివాళ్లు ఆరుగురు వస్తారు. పాఠాలు తనే కూర్చి, లినక్స్ అనే ఉచిత సిస్టమ్ వేసుకున్న పాత కంప్యూటర్‌లో టైపు చేసి, ప్రింటు తీసి ఇస్తుంది.

ఒక శనివారం పొద్దున్న ఆ లినక్స్‌ని కొత్త వెర్షన్‌కి మార్చింది. భోజనం చేసి వచ్చి పాస్‌వర్డ్ కొడితే తెర నల్లబడి, క్షణంలో మళ్లీ పాస్‌వర్డ్ అడిగే చోటికే వచ్చింది. నాలుగుసార్లు కొట్టినా అంతే. కొత్త పాఠం అందులోనే ఉంది.

ఆ ఆరుగురిలో ఒకతె, మందుల దుకాణంలో పనిచేసే సుప్రియ అప్పుడే వచ్చింది. ఆదివారం డ్యూటీ పడిందని, పాఠం ముందే తీసుకెళ్దామని.

"ఫార్మాట్ కర్ దో ఆంటీ. మా భయ్యా ఎప్పుడూ అదే చేస్తాడు," అంది.

"ఏటి చెడిందో తెలీకుండా మొత్తం తుడిచేస్తావేటి? కూర్చో, టీ పెట్టాను."

ఎక్స్ఛేంజిలో ఫోను మోగడం లేదని కంప్లైంటు వస్తే కనకరత్నం మొదట అడిగేది ఒకటే: చెడింది పరికరమా, తీగా, మన దగ్గరి బోర్డా? ఇక్కడా అలాగే మొదలుపెట్టింది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ త్రీ కలిపి నొక్కితే ఉత్త అక్షరాల తెర వచ్చింది. అక్కడ అదే పాస్‌వర్డ్ పనిచేసింది. ఫైళ్లన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. డిస్కులో చోటుందా అని చూసింది. బోలెడుంది. తర్వాత కొత్త పేరుతో ఒక ఖాతా తెరిచి, మామూలు తెరకి వచ్చి దాంతో ప్రయత్నించింది. డెస్క్‌టాప్ చక్కగా తెరుచుకుంది.

"మరి బాగైపోయిందిగా," అంది సుప్రియ.

"లేదమ్మా. దీన్నిబట్టి తెలిసింది ఏటంటే, యంత్రం బాగానే ఉంది, కొత్త వెర్షనూ బాగానే ఉంది. తేడా నా ఖాతాలోనే ఉంది."

మళ్లీ అక్షరాల తెరకి వెళ్లి తన ఫోల్డరులో దాగి ఉండే ఫైళ్ల జాబితా తీసింది. కళ్లద్దాలు పైకి నెట్టుకుని ఒక్కో వరసే చదువుకుంటూ పోయింది. ప్రతి ఫైలు పక్కనా యజమానిగా తన పేరుంది. ఒక్కదాని పక్కన మాత్రం 'రూట్' అని, అంటే అడ్మిన్ పేరు, ఉంది. డెస్క్‌టాప్ తెరుచుకోడానికి అనుమతి రాసి ఉండే చిన్న ఫైలు అది. అది తనది కాకపోయేసరికి సిస్టమ్ తనని గుమ్మం దగ్గరే తిప్పి పంపేస్తోంది.

ఎలా జరిగిందా అని కాసేపు ఆలోచించింది. పొద్దున్న వెర్షన్ మార్చాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర రాకపోతే, ఓపిక పట్టలేక అడ్మిన్ అధికారంతో బలవంతంగా తెరిపించింది. ఆ కాస్త తొందరలో ఫైలు చేతులు మారింది.

"నేనే చేశానే సుప్రియా. కొత్త వెర్షన్‌ని పొద్దుట్నుంచీ తిడుతున్నాను."

"మీరా?" సుప్రియ నమ్మలేనట్టు చూసింది.

కనకరత్నం ఒక్క ఆదేశంతో ఆ ఫైలుని మళ్లీ తన పేరు మీదకి మార్చి, పాస్‌వర్డ్ కొట్టింది. తెర నల్లబడింది. తర్వాత పాఠాల ఫోల్డరు, పక్కన గడియారం, అన్నీ ఎక్కడివక్కడ కనిపించాయి.

ఎక్స్ఛేంజి అలవాటు కొద్దీ డైరీ తీసి తేదీ, లక్షణం, కారణం రాసింది. కారణం దగ్గర 'నా తొందర' అని పెట్టింది. సుప్రియ వంగి, కూడబలుక్కుంటూ ఆ రెండు మాటలూ పైకి చదివింది. 'ర' దగ్గర మాత్రం కాస్త ఆగింది.

"బాగా చదివావు," అంటూ కనకరత్నం ప్రింటర్‌లో కాగితాలు పెట్టింది.